మన తీరపు దుబాషీలు

(రావికమతంలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటా డిసెంబరు 17న మనమంతా కలుసుకుంటున్నాం. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు రావలసిన హక్కని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజు ఇది. ఆ సంగతి, డి.ఏ. బకాయిల సంగతి, వైద్య బిల్లుల సంగతి కార్యదర్శిగారు విపులంగా మాట్లాడారు. నాకు మాత్రం "పిల్లలకు పనికివచ్చే విషయం ఏదైనా చెప్పండి" అని ఆదేశించారు. అందుచేత ఈ మధ్య మా ఇంట్లో నలిగిన విషయాన్నే మీ ముందు పెడుతున్నాను.

మా మనవరాలు ఎం.బి.ఏ. చదివి నాలుగేళ్లుగా విశాఖపట్నంలో జీడిపప్పు ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తున్నది. ఊళ్లో నాకు ఎదురైనవారల్లా "ఏటి బాబూ, మీ మనవరాలిది ఏ డిపార్టుమెంటు?" అని అడుగుతారు. డిపార్టుమెంటు లేదంటే "అయితే ఏం పని?" అంటారు. ఆమె పని నెదర్లాండ్స్ దేశంలోని కొనుగోలుదారులకూ, ఇక్కడి యజమానికీ మధ్య మాట నడపడం. ఇప్పుడు ఆ కొనుగోలుదారులు రెండేళ్లపాటు రాటర్‌డామ్ వచ్చి పనిచేయమని పిలిచారు. మా అబ్బాయి ససేమిరా అన్నాడు. "ఆ రెండేళ్లు ఇక్కడే కూర్చుని గ్రూప్-2కి చదివితే జీవితం స్థిరపడుతుంది. ఇద్దరి మధ్య మాటలు మోయడం కూడా ఒక ఉద్యోగమేనా నాన్నా?" అని నన్నే అడిగాడు. పిల్ల అలిగింది. తీర్పు నా దగ్గరకు వచ్చింది.

గుమాస్తాగా బతికినవాణ్ణి. పాత కాగితాలు తిరగేయకుండా ఏ ఫైలు మీదా అభిప్రాయం రాయడం నాకు అలవాటు లేదు. మూడు నెలలు పుస్తకాలు తెప్పించుకుని చదివాను. చదివిన కొద్దీ ఆశ్చర్యం వేసింది. మా అమ్మాయి చేస్తున్న పని మన కోస్తాకు కొత్తది కాదు. సుమారు 400 ఏళ్ల క్రితమే మన తెలుగువాళ్లు డచ్చివారి దగ్గర ఈ పనే చేసి పేరు, ధనం రెండూ సంపాదించారు. ఆ పనికి దుబాషీ అని పేరు. రెండు భాషలు తెలిసినవాడని అర్థం.

మన చిన్నప్పటి పాఠ్యపుస్తకాల్లో డచ్చివారికి నాలుగు వాక్యాలే ఉండేవి. పాతకాలపు మాటలో వారిని వలందావారు అనేవారు. 1602లో వారు తూర్పు ఇండియా కంపెనీ స్థాపించుకున్నారు. 1606లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా దగ్గర ఫర్మానా పొంది మచిలీపట్నంలోనూ, నిజాంపట్నంలోనూ వర్తకం మొదలుపెట్టారు. 1610లో పులికాట్ చేరి, అక్కడ గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. పాలకొల్లు, ద్రాక్షారామం, ఖమ్మం ప్రాంతంలోని నాగులవంచ, మన భీమునిపట్నం - ఇవన్నీ వారి వర్తక స్థానాలే. భీమిలి వెళ్లినవారు సముద్రపు ఒడ్డున వారి పాత సమాధులు చూసే ఉంటారు.

ఇంత దూరం వాళ్లు ఎందుకు వచ్చినట్టు? మన బట్ట కోసం. వారికి కావలసింది నిజానికి జాజికాయ, జాపత్రి, లవంగం, మిరియం. అవి పండేది నేటి ఇండోనేషియా దీవులలో. ఆ దీవులవాళ్లు సుగంధ ద్రవ్యాలకు బదులు మన తీరంలో నేసిన, అద్దిన బట్టలు అడిగేవారు. కృష్ణా డెల్టాలో చిరివేరుతో వేసిన ఎర్ర రంగుకు ఆ దేశాల్లో అంత గిరాకీ ఉండేది. మన కోరమాండల్ తీరం మొలుక్కా దీవులకు ఎడమ చేయి వంటిదని, ఈ బట్ట లేకపోతే అక్కడ వ్యాపారమే లేదని 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి తన పైవారికి రాశాడు. ఐరోపావారి మసాలా వ్యాపారం మన సాలెవారి మగ్గాల మీద ఆధారపడిందన్న మాట.

ఇక్కడే దుబాషీ అవసరం పడింది. డచ్చి వర్తకుడికి తెలుగు రాదు. సాలెవారికి డచ్చి రాదు. అంతకు వందేళ్ల ముందు వచ్చిన పోర్చుగీసువారి భాష రేవుల్లో కొంత చెలామణీలో ఉండేది. దుబాషీ ఆ పోర్చుగీసులో డచ్చివారితో మాట్లాడి, తెలుగులో సాలెవారికి చెప్పేవాడు. గోల్కొండ అధికారులకు పారసీలో అర్జీలు వెళ్లాలి. అదీ నడిపించాలి. ఒక్క మాట మూడు భాషలు మారేటప్పటికి దాని రూపం ఎలా ఉండేదో, రెండు ఆఫీసులు మారిన మన సర్వీసు రిజిస్టర్లు చూసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు! అన్నట్టు, మన పెద్దలు వాడే కక్కసు అనే మాట కూడా డచ్చి భాష నుంచి వచ్చినదేనని పండితులు చెబుతారు. రెండు వందల ఏళ్ల వర్తకంలో మనకు మిగిలిన మాట అది!

భాష ఒక్కటే అయితే పని సులువే. అసలు చిక్కు వ్యవహారంలో ఉండేది. సాలెవాడికి నూలు కొనుక్కోవడానికి, మగ్గం నడిచినన్నాళ్లు తినడానికి ముందుగా బయానా ఇవ్వాలి. ఓడలు గాలివాటం చూసుకుని బయలుదేరాలి కనుక సరుకు గడువులోగా రేవుకు చేరాలి. నమూనా చూపించి, ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత నేత, ఈ రంగు అని కంపెనీ అడిగేది. సరుకు రాగానే నమూనాతో సరిచూసి, తేడా ఉంటే ధర తగ్గించేవారు, లేదా తిప్పి పంపేవారు. అవతల కరవు వచ్చి నూలు ధర పెరిగిందనుకోండి, పాత ధరకు సాలెవాడు నేయలేడు. కొత్త ధర కంపెనీ ఇవ్వనంటుంది. బయానా సొమ్ము మునుగుతుంది. ఈ ఇద్దరికీ మధ్య నిలబడి, బాధ్యత నెత్తిన వేసుకునేవాడు దుబాషీ లేదా వర్తక ప్రముఖుడు.

అటువంటివారిలో అచ్యుతప్ప చెట్టి అనే బలిజ వర్తకుడి జీవితం చూడండి. డచ్చివారు తమ కాగితాల్లో ఆయనను మలయ అని రాసుకున్నారు. వారు ఈ తీరానికి వచ్చిన తొలి రోజుల్లో దక్షిణాన దేవనాంపట్నంలో దుబాషీగా చేరి, తరువాత పులికాట్ వెళ్లాడు. ఒకరి మాట మరొకరికి చెప్పే స్థితి నుంచి డచ్చివారికి సరుకు సమకూర్చే పెద్ద వర్తకుడయ్యాడు. సొంత ఓడలు నడిపాడు. స్థానిక పాలకుల దగ్గర పన్నుల వసూలు ఇజారాలు పట్టాడు. నాయకులకూ డచ్చివారికీ తగవు వస్తే ఆయనే మధ్యవర్తి. 1634లో ఆయన చనిపోయాక తమ్ముడు చిన్నన్న ఆ స్థానంలోకి వచ్చాడు. తరువాత బంధువుల్లోనే తగవులు చెలరేగాయి. అది వేరే కథ.

ఒకరిద్దరు పెద్ద వర్తకుల మీదే ఆధారపడితే ప్రమాదమని డచ్చివారు 17వ శతాబ్దం ద్వితీయార్ధంలో మరో ఏర్పాటు చేశారు. ఒక్కో రేవులోని స్థానిక వర్తకులను కలిపి, తలా కొంత వాటా సొమ్ము వేయించి, ఉమ్మడి సంఘాలుగా ఏర్పరచారు. బయానా బాకీలకు సంఘమంతా పూచీ. మనం సహకార సంఘాల్లో పరస్పర జామీను అంటామే, దాదాపు అదే పద్ధతి. రెండు దేశాల వర్తక మర్యాదలు కలిసినచోట పుట్టిన కొత్త ఏర్పాటు అది.

ఈ కథలో మంచి మాత్రమే చెప్పి కూర్చుంటే నేను పూర్తి నివేదిక ఇచ్చినవాణ్ణి కాను. ఆ జాజికాయ కోసం డచ్చి కంపెనీ 1621లో బాందా దీవులను జయించి అక్కడి జనాన్ని ఊచకోత కోసింది. మన తీరంలో కరవులు వచ్చినపుడు ఆకలికి తాళలేక అమ్ముడుపోయినవారిని, దోపిడీలలో పట్టుబడినవారిని వేలమందిని బానిసలుగా ఓడలెక్కించి, నేటి జకార్తా అయిన బతావియాకు, ఇతర దీవులకు పంపింది. ఆ బేరాలు కూడా స్థానికుల సాయం లేకుండా జరిగినవి కావు. మధ్యవర్తి "నాదేముంది, మాట చేరవేశానంతే" అని తప్పుకోవడానికి వీలులేని చోట్లు ఉంటాయని దీనివల్ల తెలుస్తుంది. ఏ మాట మోయాలో, ఏది మోయనని చెప్పాలో తెలియడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

1824లో ఇంగ్లీషువారికీ డచ్చివారికీ కుదిరిన ఒడంబడిక ప్రకారం 1825లో భీమునిపట్నం ఇంగ్లీషువారి పరమైంది. డచ్చి వర్తకం మన తీరంలో అలా ముగిసింది. దుబాషీ అనే మాట కూడా నిఘంటువుల్లోకి వెళ్లిపోయింది.

పని మాత్రం పోలేదు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో మన దేశపు ఎగుమతులు ఎక్కువగా వెళ్లిన దేశాల్లో అమెరికా, యు.ఏ.ఇ. తరువాత మూడోది నెదర్లాండ్స్. అంత చిన్న దేశానికి అంత సరుకా అని నేనూ అనుకున్నాను. కారణం రాటర్‌డామ్ రేవు. ఐరోపాలో కెల్లా పెద్దది. మన దగ్గర శుద్ధి అయిన పెట్రోలియం ఉత్పత్తులు పెద్ద భాగం. అక్కడ దిగిన సరుకు ఇతర ఐరోపా దేశాలకు కూడా పోతుంది. మన జీడిపప్పు కొనే ముఖ్య దేశాల్లో కూడా నెదర్లాండ్స్ ఒకటి.

నమూనా పద్ధతి నేటికీ పోలేదు. జీడిపప్పులో డబ్ల్యూ-320 అనే రకం మీరు వినే ఉంటారు. ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుళ్లు తూగాలని దాని అర్థం. తేమ నూటికి 5 వంతులు మించకూడదు. ముక్క, మచ్చ, పురుగు అన్నింటికీ లెక్కలున్నాయి. ఆనాడు సాలెవాడి బట్ట కొలిచినట్టే ఈనాడు మన జీడిపప్పును కొలుస్తారు.

మారనిది ఇంకొకటి ఉంది. మాట తీరు. మా మనవరాలు చెప్పిన సంగతులివి. డచ్చివారు ఉన్నమాట ముఖం మీద అనేస్తారు. "ఈ సరుకు బాగులేదు" అని ఒక్క ముక్కలో రాస్తారు. మనకది తిట్టినట్టుంటుంది. వారికి అది మర్యాదే. ఎదుటివాడి సమయం వృథా చేయకపోవడమట. సమావేశంలో చిన్న ఉద్యోగి కూడా యజమాని ఎదుటనే "మీరన్నది సరికాదు" అంటాడు. మన దగ్గర అలా అంటే మరునాడు బదిలీ ఉత్తర్వు! మనవాళ్లు కాదనవలసి వచ్చినపుడు "చూద్దామండి" అంటారు, "ప్రయత్నిస్తాం" అంటారు, తల ఊపుతారు. వినేవాడు తెలుగువాడైతే పని కాదని గ్రహిస్తాడు. డచ్చివాడు పని అవుతుందని తేదీ వేసుకుంటాడు.

కిందటేడు వానలకు అదే జరిగింది. ఆరబెట్టిన పప్పులో తేమ దిగలేదు. గడువుకు సరుకు తయారు కాదని యజమానికీ తెలుసు. అయినా "వచ్చేవారం పంపుతాం అని రాసెయ్యమ్మా, వాళ్లు మాత్రం ఏం చేస్తారు?" అన్నాడు. ఆ అమ్మాయి రాయలేదు. "సార్, ఆ మాట నమ్మి వాళ్లు అక్కడ గిడ్డంగి, లారీలు మాట్లాడుకుంటారు. వారం తరువాత ఇంకో మాట రాస్తే తరువాతి మన మాటలన్నీ పోతాయి. ఉన్నది ఉన్నట్టు రాసి, మనం నిలబెట్టుకోగల తేదీ ఇద్దాం" అన్నది. యజమాని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రాయమన్నాడు. అటునుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఇది చెడు కబురు, సగం సరుకైనా ఈ తేదీకి పంపండి, మిగిలినది నెలాఖరుకు తీసుకుంటాం అని. "చెడు కబురు అంటాడా!" అని యజమాని మళ్లీ నొచ్చుకున్నాడు. "తిట్టు కాదు సార్, మిగతా సగం తీసుకుంటామన్నారు, అది చూడండి" అని సర్దిచెప్పింది. అటువైపుకు కూడా ఒక ముక్క రాసింది. మా యజమాని "చూద్దాం" అంటే కష్టమని అర్థం చేసుకోండి, ఒకటి రెండు రోజులు జవాబు రాకపోతే ఘాటుగా ఉత్తరం రాయకుండా ఫోను చేయండి అని. సరుకు రెండు విడతలుగా వెళ్లింది. బేరం నిలిచింది. ఇప్పుడు రాటర్‌డామ్‌కు రమ్మన్నది ఆ కొనుగోలుదారులే.

ఇది విన్నాక నాకు విషయం తేటపడింది. రెండు భాషలు రావడం దుబాషీతనంలో సగమే. కాదన్న మాటను కాదనే చేర్చడం మిగతా సగం. తీపి మాటలు ఎవరైనా మోస్తారు. చేదు కబురును చెడకుండా, పుల్లవిరుపుగా కాకుండా, అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ చేర్చగలిగినవాడికే ఇద్దరి దగ్గరా విలువ.

వ్యాపారానికి మాత్రమే ఇది వర్తిస్తుందనుకోకండి. 1995 నుంచి 2003 దాకా నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో ఏపీవెల్ అనే బోరుబావుల పథకం నడిచింది. కర్నూలు, అనంతపురం, ప్రకాశం వంటి జిల్లాలు. చిన్న, సన్నకారు రైతులు కొందరు కలిసి ఒక బోరు వాడుకునే పద్ధతి. భూమిలో నీరు తరుగుతున్నదని నిపుణుడు చెబితే రైతు ఊరికే నమ్మడు. అందుచేత రైతుల చేతే బావిలో నీటిమట్టం కొలిపించారు, వాన ఎంత పడిందో రాయించారు. ఉన్న నీటికి ఏ పంట ఎన్ని ఎకరాలు వేయవచ్చో వాళ్లే లెక్కకట్టుకునే అలవాటు చేశారు. ఈ నీటికి వరి చాలదన్న చేదు కబురు రైతు తన చేతి కొలతతో తానే తెలుసుకున్నాడు. ఊరూరా తిరిగి ఆ కొలత నేర్పిన కార్యకర్తలు, నా దృష్టిలో, గొప్ప దుబాషీలు.

ఇక మన సంగతికి వద్దాం. మనం మాత్రం ఏం చేశాం? రైతు వచ్చి "బాబూ, గెడ్డ నా పొలం కోసీసింది" అంటాడు. మనం "అర్జీదారుని భూమి ప్రవాహపు కోతకు గురైనది" అని రాసి పైకి పెట్టేవాళ్లం. పైనుంచి "నిబంధనలు అనుమతించవు" అని వచ్చేది. దాన్ని మళ్లీ మన భాషలో రైతుకు చెప్పాలి. "కాదు నాయనా, ఈ దారిన కాదు, ఫలానా దారిన అర్జీ పెట్టుకో" అని చెప్పిన ఉద్యోగిని ఆ రైతు ఇప్పటికీ సంతలో చూసి నమస్కరిస్తాడు. "రేపు రా" అన్నవాడిని చూసి పక్కకు తిరుగుతాడు. రేపు రా అనే మాట ఎన్ని జతల చెప్పులు అరగదీసిందో మనకు తెలియనిది కాదు. మన ఊరు ఒకప్పుడు చోడవరం తాలూకా, తరువాత రావికమతం మండలం. విశాఖపట్నం జిల్లాలో ఉండేవాళ్లం, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. బోర్డులు మారినా ప్రభుత్వానికీ ప్రజకూ మధ్య మాట చేర్చే పని మారలేదు.

మా అబ్బాయికి ఇదే చెప్పాను. "ఒరే, నువ్వు పుట్టినప్పటి నుంచి తిన్నది దుబాషీ జీతమే. నేను మోసినది ఇద్దరి మధ్య మాటలే. నా జీతం ఖజానా నుంచి వచ్చింది, పిల్ల జీతం మరో చోటి నుంచి వస్తుంది. అంతే తేడా" అన్నాను. వాడికి ఉద్యోగ భద్రత భయం ఉంది. అది వట్టి భయం కాదు. ప్రైవేటు ఉద్యోగానికి మనకున్నట్టు పెన్షను పూచీ లేదు. అందుచేత, జీతంలో కొంత భాగం మొదటి నెల నుంచే వెనకేయాలని, రెండేళ్ల తరువాత ఏం చేయాలో వచ్చాక మళ్లీ మాట్లాడుకుందామని ఒప్పందం చేసుకున్నాం. వాడు ఒప్పుకున్నాడు.

మనవరాలికి మాత్రం రెండు షరతులు పెట్టాను. మొదటిది, నీకు నిజమని తెలియని మాటకు నీ పేరుతో ఉత్తరం రాయకు. రెండవది, ముఖ్యమైన మాట ఫోనులో అయినా సరే, అదే రోజు కాగితం మీద పెట్టి ఇద్దరికీ పంపు. "తాతయ్యా, రెండోది మీ ఆఫీసు జబ్బు" అని నవ్వింది. జబ్బయితే కానీ, ఆ కాగితమే రేపు ఆమెకు కాపు.

సోదరులారా, ఈ సభలో కూర్చున్న ప్రతి ఇంటా చదువుకున్న పిల్లలున్నారు. చెరకు, బెల్లం, జీడి, అల్లికలు, రొయ్య - మన చుట్టుపక్కల సరుకుకు లోటు లేదు. దాన్ని కొనేవాడి భాష, మర్యాద, కొలత తెలిసినవారు తక్కువ. పిల్లలు అటువంటి పని ఎంచుకుంటే "డిపార్టుమెంటు ఏది?" అని అడిగి వారిని చిన్నబుచ్చకండి. ప్రభుత్వోద్యోగానికి చదివేవారిని చదవనివ్వండి, ఇటు వెళ్లేవారిని వెళ్లనివ్వండి. అర్జీ రాయడం, లెక్క సరిచూడడం, కాదని మర్యాదగా చెప్పడం - మన సర్వీసులో నేర్చిన ఈ మూడు విద్యలు వారికి నేర్పే తీరిక ఇప్పుడు మనకుంది. సంఘం గదిలో ఆదివారాలు ఒక గంట ఇందుకు కేటాయించవలసిందిగా కార్యవర్గానికి సవినయంగా మనవి చేస్తున్నాను. మొదటి ఆదివారం నేను వస్తాను. బల్ల, నాలుగు కుర్చీలు ఉంటే చాలు.